కారణం గడిలో రాసిన రెండు మాటలు

డీజిల్ బండ్ల మధ్య ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ హోదా ఇచ్చారు, గోడకి ఎన్ని సర్టిఫికెట్లు తగిలించారు అనేవి ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ బాగుపడరు. విజయవాడ ఆటోనగర్‌లో కొత్తగా పనిలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ రోజుల్లో ఎలా ఉండేదండీ అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు కోపం ఎక్కువని వాళ్ళకి తెలుసు కాబట్టి మధ్యలో కసురుకున్నా ఏమీ అనుకోరు.

మన పని బండి బాగుచేయడం అనుకుంటారు అందరూ. అది సగమే. ఎందుకు చెడిందో చెప్పడం మిగతా సగం. బాగుచేసిన బండి మళ్ళీ చెడితే మళ్ళీ తీసుకొస్తారు. చెప్పిన మాట అలా కాదు, షెడ్డు గేటు దాటాక అది మన చేతిలో ఉండదు. నేను రాసిన ఒక మాట కంకిపాడు దాకా వెళ్ళి, ఒక మంచి డ్రైవరుకి ఉన్న పని, ఉన్న పేరు రెండూ ఊడగొట్టింది. ఆ సంగతి చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

పొగ చూసి చెప్పిన రోజులు

తొంభైల్లో మా పరీక్ష సాధనాలు ముక్కు, చెవి, అరచెయ్యి. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదని, తెల్ల పొగైతే డీజిల్ సరిగ్గా కాలకుండా బయటికొస్తోందని, నీలం పొగైతే ఇంజనాయిల్ కాలుతోందని మా ఫోర్‌మన్ శేషయ్యగారు నేర్పారు. ఆయన కొత్తవాళ్ళ చేతికి వారం రోజుల పాటు పానా ఇచ్చేవారు కాదు. సైలెన్సర్ వెనక నిలబెట్టి పొగ చూడమనేవారు. చొక్కాలు మసిబారిపోయి ఇంటికెళితే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసేది.

ఒకసారి ఒక ఇటుకల లారీ నల్లగా పొగ కక్కుతూ వచ్చింది. నేను ఆవేశంగా డీజిల్ పంపు విప్పేసి బల్ల మీద పరిచాను. శేషయ్యగారు వచ్చి, గాలి పోయే గొట్టంలో చెయ్యి పెట్టి ఒక గోనెసంచి ముక్క బయటికి లాగారు. ఎవరో దుమ్ము రాకుండా కుక్కి, తీయడం మర్చిపోయారు. పానా పట్టుకోడానికి అంత తొందరగా ఉంటే సైకిల్ షాపు పెట్టుకోమని పదిమందిలో తిట్టారు. ఆ రోజు తల కొట్టేసినట్టయింది. పంపు మళ్ళీ బిగించడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రోజుల్లోనే బండ్ల కంపెనీ వాళ్ళు డ్రైవర్లకి క్లాసులు పెట్టించేవారు. ఒక్కో ఆదివారం ఒక్కో ఊళ్ళో, ఎక్కువగా హనుమాన్ జంక్షన్‌లో ఒక హోటల్ వెనక షెడ్డులో. నేనే మాట్లాడేవాణ్ణి. అప్పటి బండ్లకి గాలి ఫిల్టరు అడుగున ఒక గిన్నె, అందులో ఇంజనాయిల్ ఉండేది. లోపలికొచ్చే గాలిలోని దుమ్ము ఆ నూనెకి అంటుకుని ఆగిపోయేది. మన డెల్టాలో నూర్పిళ్ళ రోజుల్లో గడ్డి దుమ్ము, రైసు మిల్లుల దగ్గర ఏడాది పొడుగునా ఊక దుమ్ము. కాబట్టి ఫిల్టరులో నూనె తడి లేకుండా బండి తియ్యొద్దని గట్టిగా చెప్పేవాణ్ణి. ఫిల్టరు ఎండితే ఇంజన్ గొంతు ఎండినట్టేనని ఒక మాట కూడా తయారుచేసుకున్నాను. డ్రైవర్లు నవ్వేవారు, నాకు బాగా నచ్చేది. ఆ బండ్లకి ఆ మాట అక్షరాలా నిజం.

స్కానర్ వచ్చాక

రెండువేలు దాటాక కొత్త రకం డీజిల్ బండ్లు వచ్చాయి. డీజిల్ ఎంత పోయాలో ఒక కంప్యూటర్ లెక్కగడుతుంది. దానికి కళ్ళూ చెవులూ సెన్సార్లే. గాలి ఎంత వస్తోంది, ఇంజన్ ఎంత వేడెక్కింది, డీజిల్ ఎంత ఒత్తిడిలో ఉంది, అన్నీ అవే చెప్పాలి. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి తిప్పే వాల్వు ఒకటి ఉంటుంది, కంటికి కనబడని విషవాయువు తగ్గించడానికి. అది ఎంత తెరుచుకోవాలన్నది కూడా ఆ సెన్సార్ల మాట మీదే. ఏదైనా ఒక సెన్సార్ తప్పు చెబితే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, బండి సగం ప్రాణంతో నడుస్తుంది.

మన ఊరి మెకానిక్కులు దీనికి విరుగుడు వెంటనే కనిపెట్టేశారు. వాల్వుకి రేకు ముక్క అడ్డంపెట్టి బిగించడం, సెన్సార్ వైర్ల మధ్య రేడియో షాపులో దొరికే చిన్న రెసిస్టర్ అతికించి కంప్యూటర్‌ని మోసం చేయడం. లైటు ఆరిపోతుంది, ఓనరు సంతోషిస్తాడు, ఆ విషం మాత్రం మనమంతా పీలుస్తాం. ఇలాంటివి చేసినవాణ్ణి తెలివైనవాడని పొగిడితే నాకు ఒళ్ళు మండుతుంది.

మా వర్క్‌షాపులో మొదటి స్కానర్ నా చేతికే ఇచ్చారు. కొత్తలోనే కైకలూరు నుంచి చేపలు తోలే బండి ఒకటి వచ్చింది. మరో షెడ్డులో రెండు సెన్సార్లు మార్చినా లైటు ఆరలేదు. నేను స్కానర్ పక్కన పెట్టి వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. చేపల ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కారి కారి ఒక కనెక్టర్ లోపలి పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. పావుగంట పని. ఆ ఒక్క బండితో ఆటోనగర్ అంతా నా పేరు మోగింది. బెజవాడలో సెన్సార్ జబ్బు తెలిసినవాడు రత్నంగారొక్కరే అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ కాస్త తలకెక్కింది.

చలపతిరావుగారి బండి

కంకిపాడు దగ్గర రైసు మిల్లు ఉన్న చలపతిరావుగారు అలాంటి కొత్త బండి ఒకటి కొన్నారు. దాని డ్రైవరు మస్తాన్. నా వయసువాడే. ఆ మిల్లులో పన్నెండేళ్ళుగా ముందు ట్రాక్టరు, తర్వాత లారీ, ఇప్పుడు ఈ బండి. మనిషి మాట తక్కువ. బండి సర్వీసుకి తెచ్చినప్పుడల్లా మ్యాట్లు తీసి దులిపి, సీట్లు తుడిచి అప్పగించేవాడు. తుడిచి తెచ్చిన బండిని మావాళ్ళు మసి చేతులతో ముట్టుకుంటే చూసి బాధపడేవాడు.

కొన్న ఆరేడు నెలలకి బండి లాగడం లేదని తెచ్చాడు. స్కానర్ పెడితే గాలి కొలిచే సెన్సార్ తక్కువ చూపిస్తోందని వచ్చింది. ఇది ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య గొట్టంలో ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని భాగాన్ని వేడి చేసి ఉంచుతారు. పోయే గాలి దాన్ని ఎంత చల్లబరిస్తే అంత గాలి వస్తున్నట్టు లెక్క. విప్పి చూస్తే దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. మార్చేశాను, బండి దూసుకుపోయింది. మూడు నెలలకి మళ్ళీ అదే. మళ్ళీ మార్చాను. మళ్ళీ మూడు నెలలకి వచ్చింది.

ఇక్కడ నేను ఆగాల్సింది. ఫిల్టరు దాటొచ్చిన గాలిలో ఆ సన్నని దాని మీద దుమ్ము ఎందుకు అతుక్కుంటోంది? ఈ ప్రశ్న నాకు రాలేదు. ఫిల్టరు చూద్దామంటే, బండి నా దగ్గరికి వచ్చేలోపే సర్వీసు వాళ్ళు పాతది తీసి చెత్తలో పారేసి కొత్తది పెట్టేవారు. నేను చూసింది ఎప్పుడూ కొత్త ఫిల్టరే. స్కానర్ చెప్పింది కదా అని సెన్సార్‌తోనే కుస్తీ పట్టాను.

కారణం గడి

మూడోసారి సెన్సార్ కావాలంటే కంపెనీ ఊరికే ఇవ్వదు. జాబ్ కార్డులో "కారణం" అని ఒక గడి ఉంటుంది, అది నింపాలి. మా సర్వీసు మేనేజరు చదువుకున్న మంచి కుర్రాడే గానీ గడి ఖాళీగా ఉంటే నిద్రపట్టని మనిషి. ఏదో ఒకటి రాయండి సార్, మీరు రాస్తే పైన ఎవరూ అడగరు అన్నాడు. అటువైపు చలపతిరావుగారు ఫోన్ చేసి, మూడుసార్లు అయింది, అసలు రోగం ఏమిటో చెప్పరేం అని గట్టిగా అడిగారు. తెలియదు అని చెప్పడానికి నాకు నామోషీ వేసింది. బెజవాడలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా మరి!

ఆ రోజుల్లో డీజిల్‌లో కిరసనాయిలు కలపడం ఎక్కువ. ఏ బండి చెడినా ముందు నోటికొచ్చే అనుమానం అదే. గడిలో "ఇంధన కల్తీ" అని రాసి సంతకం పెట్టాను. కిరసనాయిలు కలిస్తే చెడేది పంపు, ఇంజెక్టర్లు. గాలి సెన్సార్‌కి దానితో సంబంధమే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ట్యాంకులోంచి ఒక గ్లాసుడు డీజిల్ పట్టి చూసినా తేలిపోయేది. అదీ చేయలేదు. కొత్త సెన్సార్ బిగించి చేతులు దులుపుకున్నాను.

కాగితం నకలు చలపతిరావుగారికి వెళ్ళింది. ఆయన బండికి డీజిల్ కొట్టించేది మస్తానే. అంటే అసలు డీజిల్ అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నాడని ఆయన తీర్మానించుకున్నారు. మిల్లు ముందు, హమాలీలందరూ చూస్తుండగా, నా ఉప్పు తిని నా ట్యాంకులోనే కిరసనాయిలు పోస్తావా అని అడిగి ఆ పూటే పంపించేశారు. ఈ సంగతి ఆయనే నాకు ఫోన్లో చెప్పారు, నాకు థాంక్సు కూడా చెప్పారు. నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ ఆ తర్వాత బండి ఏడాది దాటినా పసుపు లైటు వెలగకుండా తిరిగింది. చూశారా రత్నంగారూ, వాడు పోయాక రోగం కూడా పోయింది అన్నారాయన. నా అనుమానం నిజమైందని నేనూ నమ్మాను. తప్పు మాటకి ఇంత గట్టి సాక్ష్యం దొరుకుతుందని నాకప్పుడు తెలియదు.

మైలవరం నుంచి వచ్చిన బండి

ఆ తర్వాత ఒకరోజు మైలవరం వైపు ఒక కాలేజీ వాళ్ళ స్టాఫ్ బండి వచ్చింది. అదే మోడల్, అదే జబ్బు, గాలి సెన్సార్ తక్కువ. తల ఎత్తి చూస్తే డ్రైవరు మస్తాన్. నమస్కారం పెట్టాడు గానీ నవ్వలేదు. నాకు వెంటనే వచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక్కడ కూడా మొదలుపెట్టాడన్నమాట అనుకున్నాను.

ఆ రోజు సర్వీసు వాళ్ళకి పని ఎక్కువై బండి నేరుగా నా దగ్గరికే వచ్చింది. నేను బానెట్ ఎత్తాను. మస్తాన్ ముందుకొచ్చి, తనే ఫిల్టరు మూత క్లిప్పులు విప్పాడు.

"ముందే చెబుతున్నానండీ. డీజిల్ బిల్లులన్నీ తెచ్చాను. బండిలో నా వల్ల లోపం ఉందంటే ఒప్పుకోను. ఫిల్టరు చూడండి, ఎంత బాగా పెట్టుకున్నానో."

అది పొడిగా వాడాల్సిన కాగితం ఫిల్టరు. దాని మడత మడతకీ ఇంజనాయిల్ పూసి ఉంది. వేలు పెడితే తడి అంటుకుంది. ఇదేమిటి భాయ్, దీనికి నూనె ఎవరు రాయమన్నారు అని అడిగాను.

"మీరేనండీ. జంక్షన్‌లో క్లాసు చెప్పలా? ఎండితే గొంతు ఎండినట్టేనన్నారు. అప్పట్నుంచి ఏ బండయినా వారం వారం రాస్తున్నా. మిల్లు కాడ ఊక ఎక్కువ కదా, ఆ బండికి ఇంకాస్త దట్టంగా రాసేవాణ్ణి."

కాగితానికి పూసిన నూనె గాలితో పాటు ఆవిరిలా లాక్కుపోయి సెన్సార్ మీద జిడ్డుగా పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. సెన్సార్ గాలి తక్కువ వస్తోందంటుంది. గాలి తక్కువని కంప్యూటర్ డీజిల్ కోస్తుంది. మేం కొత్త ఫిల్టరు వేసి పంపిస్తే ఆ సాయంత్రమే మస్తాన్ దానికీ శ్రద్ధగా నూనె రాసేవాడు. అతన్ని తీసేశాక కొత్తగా వచ్చిన డ్రైవరు బానెట్ ఎత్తిన పాపాన పోలేదు, అందుకే బండి బాగుంది. శ్రద్ధ ఉన్నవాడు దొంగయ్యాడు, లేనివాడు మంచివాడయ్యాడు. బండ్లు మారాయి గానీ, ఆ క్లాసుకొచ్చిన డ్రైవర్లని మళ్ళీ పిలిచి ఇక నూనె రాయొద్దని నేను ఎవరికీ చెప్పలేదు.

అక్కడికక్కడే అతనికి చెప్పడానికి నోరు రాలేదు. ఈసారి ఊహ మీద మాట్లాడకూడదనుకున్నాను. అతని బండికి పొడి ఫిల్టరు వేసి, సెన్సార్ కడిగి పంపించాను. మా వర్క్‌షాపు బండి ఒకటి ఉంటే దాని ఫిల్టరుకి నేనే నూనె రాసి, పదిహేను రోజులు రోజూ తిప్పి సెన్సార్ లెక్క చూశాను. రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఇక నాకు సాకు మిగల్లేదు.

మిల్లు ముందు

మస్తాన్‌ని పిలిపించి జరిగిందంతా చెప్పాను. కల్తీ అని రాసింది నేనేనని కూడా చెప్పాను. అతనికి అది ముందే తెలుసు. చలపతిరావుగారు కాగితం మొహాన కొట్టినంత పని చేసినప్పుడే కింద నా సంతకం చూశాడట. కొత్త కాగితం రాసి పంపిస్తాను, ఫోన్ కూడా చేస్తాను అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"కాగితం వద్దండీ. నన్నన్నది జనం ముందర. కంకిపాడులో ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు నాకు. శుక్రవారం నమాజుకి కూడా పక్క ఊరు పోయేవాణ్ణి. ఎక్కడ అన్నారో అక్కడికే వచ్చి చెప్పండి."

సరేనన్నాను గానీ నాలుగు రోజులు వెనకాడాను. నిజాన్ని కాస్త పక్కకి జరిపే దారి ఒకటి బుర్రలో తిరుగుతూనే ఉంది. అమాయకుడు, తెలియక నూనె రాశాడండీ, దొంగతనం కాదండీ అంటే చాలు. మస్తాన్ బయటపడతాడు, నా పేరుకీ మచ్చ ఉండదు. మేనేజరు కుర్రాడు కూడా అలాగే చెప్పమన్నాడు.

మస్తాన్ సెలవు పెట్టి వచ్చాడు. నా స్కూటర్ మీద ఇద్దరం కంకిపాడు వెళ్ళాం. బస్తాలు ఎత్తే వేళ, మిల్లు ముందు పాతిక మంది దాకా ఉన్నారు. చలపతిరావుగారు చెడ్డ మనిషి కాదు. నన్ను చూసి కుర్చీ వేయించారు, మస్తాన్‌ని చూసి మొహం ముడుచుకున్నారు. నేను కూర్చోలేదు. సిద్ధం చేసుకున్న అమాయకుడన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పక్కన మస్తాన్ ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆ మాట మింగేశాను.

"చలపతిరావుగారూ, మీ బండిలో కిరసనాయిలు లేదండీ. నేను చూడకుండా రాశాను. ఫిల్టరుకి రాసిన నూనె వల్ల సెన్సార్ పోయింది. ఆ నూనె రాయమని ఇతనికి నేర్పింది నేను. పనికిరాదని చెప్పాల్సిన రోజున చెప్పనిదీ నేనే."

హమాలీలు బస్తాలు దింపి చూస్తున్నారు. చలపతిరావుగారు నన్ను చూసి, ఇంత చదువుకున్నవాళ్ళు ఒక కాగితం రాసేముందు ఆలోచించరా అన్నారు. అది న్యాయంగా నాకు పడాల్సిందే. మస్తాన్ వైపు తిరిగి, రేపట్నుంచి వచ్చెయ్యి అన్నారు. మైలవరంలో మాటిచ్చానండీ అని మస్తాన్ మర్యాదగానే చెప్పాడు. చలపతిరావుగారు నాకు వేయించిన కుర్చీ వంక చూసి, దాన్ని తనే ఎత్తి మస్తాన్ ముందు పెట్టారు. అతను కూర్చోలేదు గానీ, కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. ముసలి హమాలీ ఒకడు వచ్చి అతని భుజం తట్టి వెళ్ళాడు.

తిరిగొస్తూ బందరు రోడ్డు మీద పెనమలూరు దగ్గర టీ కోసం ఆగాం. నాకు బరువు దిగినట్టుంది. కాస్త గర్వంగా కూడా ఉందని ఒప్పుకుంటాను. అందరూ చేయగలిగే పనా ఇది అనుకుంటున్నాను. మస్తాన్ టీ తాగడం పూర్తిచేసి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటి చెప్పనా రత్నంగారూ? ఆ మూడోసారి బండి మీ షెడ్డులో ఉన్నప్పుడు పొద్దున్నుంచి గేటు పక్కనే కూచునున్నానండీ. ఫిల్టరు ఎట్టా చూసుకుంటున్నావని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి. దాచేదేముంది అందులో? మీరు నేర్పిందే చేస్తున్నానని, మెచ్చుకుంటారని, నా అంతట నేనే చెబుదామనుకున్నా. మీరు స్కానర్ చూసుకుంటున్నారని ఊరుకున్నా."